ఉప్పాడలో గోడ కడితే సముద్రం ఆగుతుందా? లేక ఊరు ఖాళీ చేయాలా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. అడిగినవారి అమ్మమ్మగారి ఊరు కాకినాడ దగ్గరి ఉప్పాడ. చిన్నప్పుడు ఆడుకున్న వీధి ఇప్పుడు నీళ్లలో ఉంది. మావయ్య ఉన్నచోటే శ్లాబు ఇల్లు వేసుకుందామని చూస్తున్నారు. పెద్ద గోడ కట్టేస్తే సమస్య తీరిపోతుందా, లేక జనాన్ని లోపలికి తరలించడమే మేలా, అసలు ఈ తీరాలకీ చిన్న చిన్న దీవులకీ ఇంత డబ్బు పోయడం అవసరమా అని అడిగారు.

నేను గోదావరి, కృష్ణా డెల్టాల్లో మడ అడవుల పెంపకం, తీరం సర్వే పనుల్లో చాలా ఏళ్లుగా ఉన్నాను. నాకు తెలిసినంతలో సూటిగా చెబుతాను.

గోడ ఇళ్లను కొన్నాళ్లు కాపాడుతుంది. తీరాన్ని కాపాడదు. ఉప్పాడ లాంటి చోట, అంటే సముద్రం గుమ్మం దాకా వచ్చేసి వెనక్కి జరగడానికి జాగా లేని చోట, గోడ తప్పదు. దాన్ని నేను కాదనను. కానీ గోడతో పని అయిపోయిందనుకుంటే పక్క ఊరు పోతుంది, ఆ తర్వాత గోడా పోతుంది. జనాన్ని తరలించడం కూడా దూరం, జాగా చూసి, వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడి చేస్తేనే నిలుస్తుంది. ఖర్చు అవసరమా అంటే, అవసరమే. ఎందుకంటే మీ కాకినాడ ఇప్పుడున్నట్టు ఉండటానికి కారణమే ఒక ఇసుక దీవి. మీ మావయ్య ఇంటి సంగతి చివర్లో చెబుతాను.

ముందు అసలు జబ్బు ఏమిటో చూడాలి. మనవాళ్లు "సముద్రం ముందుకొచ్చింది" అంటారు. కంటికి కనబడేది అదే. నిజానికి చాలాచోట్ల సముద్రం ఎప్పట్లాగే తన ఇసుక తాను తీసుకెళ్తోంది, తిరిగి రావాల్సిన ఇసుకే రావడం లేదు. మన తీరం రాయి కాదు. గోదావరి, కృష్ణ వేల ఏళ్లుగా మోసుకొచ్చి పోసిన ఒండ్రు, ఇసుక. అలలు రోజూ కొంత కోసుకుపోతాయి, నది ఏటా వరదల్లో కొంత తెచ్చి పోస్తుంది. ఖర్చు అలాగే ఉండి రాబడి ఆగిపోయిన ఇల్లు ఎలా నడుస్తుందో ఇప్పుడు మన తీరం అలా నడుస్తోంది.

రాబడి ఎంత పడిపోయిందో వింటే టెన్షన్ వస్తుంది. 2009లో ప్రపంచంలోని పెద్ద డెల్టాల మీద వచ్చిన ఒక ప్రసిద్ధ పరిశోధన, కృష్ణ సముద్రానికి చేర్చే ఒండ్రు 90 శాతానికి పైగా తగ్గిందని, గోదావరిది 40 శాతం దాకా తగ్గిందని లెక్కకట్టింది. నాగార్జునసాగర్, శ్రీశైలం, ఎగువన మహారాష్ట్ర, కర్ణాటకల్లో కట్టినవి, గోదావరి మీద శ్రీరాంసాగర్, జైక్వాడి, ఉపనదుల మీద ఉన్నవి, ఇవన్నీ నీళ్లతోపాటు ఒండ్రునీ ఆపేశాయి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలంలో ఈ సమస్య ఇంతగా లేదు. అది తక్కువ ఎత్తు కట్టడం, పెద్ద వరద దాని మీదుగా దూకి పోయేది, మట్టిని లోపల దాచుకునేంత జలాశయం దానికి లేదు. పెద్ద డ్యాములు వచ్చాక లెక్క మారింది.

నేను డ్యాములు వద్దనే మనిషిని కాను. ఆ నీళ్లతోనే మనం అన్నం తింటున్నాం. కానీ డ్యాము కట్టేటప్పుడు మునకకు లెక్క రాస్తాం, ఆయకట్టుకు లెక్క రాస్తాం. కింద తీరానికి ఆగిపోయే ఇసుకకు మాత్రం ఎవరూ లెక్క రాయలేదు. తెలంగాణలో ఉన్నవాళ్లకు సముద్రం తమది కాదనిపిస్తుంది. కానీ భద్రాచలం దాటి వచ్చే ఆ ఎర్రనీళ్లే అంతర్వేదిలో, ఓడలరేవులో నేల అవుతాయి. దీనికి తోడు నదిలో ఇసుక తవ్వకాలు. ధవళేశ్వరం కింద తవ్విన ప్రతి లారీ ఇసుకా మొగ దాకా, అంటే నది సముద్రంలో కలిసే చోటు దాకా పోవాల్సిందే.

ఇక ఉప్పాడ ఎందుకు? పక్క పక్క ఊళ్లుండగా అక్కడే ఎందుకింత కోత అని చాలామంది అడుగుతారు. మన తీరం వెంబడి ఇసుక నడుస్తుంది. మార్చి నుంచి అక్టోబర్ దాకా నైరుతి గాలులకు అలలు వాలుగా వచ్చి ఇసుకను ఉత్తరంగా తోస్తాయి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా దక్షిణంగా. రెండూ కలిపి చూస్తే ఉత్తరంగా వెళ్లేదే ఎక్కువ. అంటే ఉప్పాడకు ఇసుక రావాల్సింది దక్షిణం నుంచి, గోదావరి మొగ వైపు నుంచి.

దారిలో ఏముంది? హోప్ ఐలాండ్ ఉంది. గోదావరి పాయ గౌతమి పోసిన ఇసుకతో గత రెండు వందల ఏళ్లలో పెరిగిన దిబ్బ అది. పొడవు 16 కిలోమీటర్లకు పైనే. కాకినాడ అఖాతానికి అడ్డంగా చెయ్యి చాచినట్టు ఉత్తరంగా సాగింది. మొగ నుంచి వచ్చిన ఇసుక చాలావరకు ఈ దీవి కొసను పెంచడానికీ, అఖాతంలో పేరుకోవడానికీ పోతుంది. అవతల ఉన్న ఉప్పాడకు మిగిలేది తక్కువ. పైగా దీవి కొస దాటిన అలలు వంగి వచ్చి ఆ ప్రాంతం మీదే బలంగా పడతాయి. పోర్టు కోసం కట్టిన అడ్డుగోడలు, చానల్ తవ్వకాలు కూడా ఇసుక నడకను మార్చాయి. ఇవన్నీ కలిసి ఆ కొన్ని కిలోమీటర్ల తీరం మీద పడ్డాయి.

అలాగని హోప్ ఐలాండ్‌ను తిట్టుకోకండి. ఆ దీవి లేకపోతే కాకినాడ పోర్టుకు నిలకడైన నీళ్లు ఉండవు. తుపాను అల ముందు దాని మీద పడి విరిగి, ఆ తర్వాతే నగరం వైపు వస్తుంది. దాని వెనక ఉన్న ప్రశాంతమైన బురదలోనే కోరింగ మడ అడవి బతుకుతోంది. దాని ఇసుక మీద శీతాకాలంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. మనుషులు కట్టిన ఏ బ్రేక్‌వాటరూ ఇన్ని పనులు ఒకేసారి చెయ్యదు. చిన్న దీవుల విలువ ఏమిటని అడిగారు కదా, ఇదే నా మొదటి జవాబు. కోరింగను 1789లోనూ 1839లోనూ తుపాను ఉప్పెనలు ఊడ్చేశాయి. ఓడలు కట్టే రేవు పట్టణం, రెండో దెబ్బ తర్వాత మళ్లీ లేవలేదు. అడ్డులేని తీరం ఎలా ఉంటుందో ఆ ఊరికి బాగా తెలుసు.

ఇప్పుడు గోడ సంగతి. అల ఇసుక ఒడ్డు మీదకొస్తే పాకుతూ పైకెక్కి, నీళ్లు ఇసుకలో ఇంకి, బలం చచ్చి వెనక్కి పోతుంది. అదే అల నిటారు గోడకు కొట్టుకుంటే ఆ బలం ఎటూ పోదు. సగం పైకి లేస్తుంది, సగం కిందకు దిగి గోడ పాదం దగ్గర ఇసుకను తోడేస్తుంది. ఒక తుపాను తర్వాత వెళ్లి చూస్తే గోడ ముందు బీచ్ ఉండదు, మనిషి లోతు నీళ్లుంటాయి. అడుగున ఇసుక పోయేసరికి రాళ్లు ఒక్కొక్కటే కుంగుతాయి. ఉప్పాడలో 2010 ప్రాంతంలో ఇసుక నింపిన జియోట్యూబులు (పెద్ద గుడ్డ గొట్టాలు), రాళ్లు వేసి కట్టినదానికి జరిగింది ఇదే. కొన్నేళ్లు నిలబడి చాలా ఇళ్లను కాపాడింది, అది ఒప్పుకోవాలి. తర్వాత ఒక్కో తుపానుకు కొంత కొంత పోయింది. కాకినాడ బీచ్ రోడ్డు కూడా అంతే, వెయ్యడం, తెగడం, మళ్లీ వెయ్యడం.

రెండోది, గోడ చివర. గోడ ఎక్కడ ఆగుతుందో అక్కడి నుంచి కోత ఎక్కువవుతుంది. గోడ ఉన్నంతమేర ఒడ్డు కరగదు కాబట్టి అక్కడి నుంచి పక్క ఊరికి వెళ్లాల్సిన ఇసుక కూడా ఆగిపోతుంది. మన దగ్గర ఇసుక ఉత్తరంగా నడుస్తుంది కాబట్టి ఆ దెబ్బ ఉత్తరాన ఉన్న ఊరికి. కోనపాపపేట వైపు వెళ్లి అక్కడివాళ్లను అడగండి, మీకు వాళ్లే చెబుతారు. అప్పుడు వాళ్లూ గోడ అడుగుతారు. న్యాయంగానే అడుగుతారు. అలా ఊరూరా గోడ కట్టుకుంటూ పోయిన తీరం కేరళలో ఉంది. ఇప్పుడక్కడ చాలాచోట్ల వల లాగడానికి ఇసుక ఒడ్డే లేదు.

మరి ఏం చెయ్యాలంటే, ఇసుకకు ఇసుకే మందు. విశాఖపట్నం చూడండి. 1970ల్లో ఔటర్ హార్బర్ కోసం అడ్డుగోడలు కట్టాక ఉత్తరాన ఉన్న రామకృష్ణా బీచ్‌కు ఇసుక తగ్గింది. అందుకే పోర్టు తన చానల్ పక్కన చిక్కుకున్న ఇసుకను తవ్వి, గొట్టాలతో బీచ్ వైపు పోస్తూ వస్తోంది. అది మానేసిన సంవత్సరాల్లో బీచ్ ఎలా కోసుకుపోయిందో విశాఖ వాళ్లంతా చూశారు. పుదుచ్చేరి ఇంకా మంచి ఉదాహరణ. 1989లో హార్బర్ కట్టాక ఊరి ముందున్న బీచ్ మొత్తం పోయి రాళ్ల గోడ మిగిలింది. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత, చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నీళ్లలోపల ఒక రీఫ్ లాంటి అడ్డు వేసి, ఇసుక పోయించింది. బీచ్ తిరిగి వచ్చింది. అంటే పోయిన ఒడ్డు తిరిగి రావడం సాధ్యమే. కాకపోతే ఒకసారి పోసి ఊరుకుంటే చాలదు, ఏటా చూసుకోవాలి. మన దగ్గర టెండర్లకు ఇది నచ్చదు. గోడ అయితే కట్టాం, అయిపోయింది అని ఫొటో తీసుకోవచ్చు.

కాబట్టి ఉప్పాడకు నేనైతే అడిగేది మూడు కలిపి. ఊరి ముందు వాలుగా ఉండే రాతికట్ట, నిటారు గోడ కాదు. ఆ కట్ట ముందు ఏటా ఇసుక పోత, ఆ ఇసుక పోర్టు చానల్ తవ్వకాల నుంచి రావాలి, ఎటూ తవ్వుతున్నదే కదా. కట్ట చివర ఉన్న ఊళ్లకు కూడా అదే పథకంలో రక్షణ. ఈ మూడోది లేని డిజైన్ ఎవరు తెచ్చినా గ్రామసభలో ఒప్పుకోవద్దు.

దేశం మొత్తం లెక్క కూడా చెప్పాలి, లేకపోతే ఇది ఒక్క ఊరి బాధ అనిపిస్తుంది. 1990 నుంచి 2018 దాకా ఉపగ్రహ చిత్రాలతో జాతీయ తీర పరిశోధన కేంద్రం తీసిన లెక్కలో దేశ ప్రధాన భూభాగ తీరంలో 33.6 శాతం కోతకు గురవుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో అది 28.7 శాతం. ఇంకొన్ని చోట్ల తీరం పెరుగుతోంది కూడా. కాబట్టి "సముద్రం అంతా మింగేస్తోంది" అనడం తప్పు. ఎక్కడ పోతోంది, ఎక్కడ పెరుగుతోంది, ఆ రెండూ ఎలా కలిసి ఉన్నాయి అని చూడాలి. ఇక వాతావరణ మార్పు వల్ల సముద్ర మట్టం పెరగడం వేరే. 2006 నుంచి 2018 మధ్య ప్రపంచ సగటు ఏడాదికి దాదాపు 3.7 మిల్లీమీటర్లు. వినడానికి చిన్నదే. కానీ డెల్టా నేల తనంతట తానే కుంగుతుంది, మెత్తటి ఒండ్రు కదా. పాత రోజుల్లో కుంగినంత మేర కొత్త ఒండ్రు వచ్చి పైన పడేది. ఇప్పుడు పడటం లేదు. నీళ్లు పైకి, నేల కిందకి. భూగర్భం నుంచి అతిగా తోడితే ఇంకా వేగంగా. ఇటలీలో పో నది డెల్టాలో 1940, 50ల్లో గ్యాస్ కలిసిన నీళ్లను తోడి తోడి నేల రెండు మీటర్లకు పైగా కుంగాక ఆపేశారు. కోనసీమలో చమురు, గ్యాస్ బావుల దగ్గర రైతులు నేల కుంగుతోందని చెబుతున్నప్పుడు దాన్ని కొట్టిపారెయ్యకుండా ఏళ్ల తరబడి కొలిచి ఆ కొలతలు బయటపెట్టాలని నేను గట్టిగా అంటాను.

ఇప్పుడు దీవుల దగ్గరికి వస్తాను. దీవులనగానే మనకు అండమాన్, లక్షద్వీప్ గుర్తొస్తాయి. కానీ కృష్ణ మొగ దగ్గర నాగాయలంక మండలంలో ఎదురుమొండి, నాచుగుంట, ఈలచెట్ల దిబ్బ ఉన్నాయి. గోదావరి వైపు మగసానితిప్ప, బలుసుతిప్ప ఉన్నాయి. దిబ్బ, తిప్ప, లంక అని పేరున్న ఊరు కనిపిస్తే అది నీటి మధ్యలో పుట్టిన ఊరని అర్థం. వైద్యం, చదువు, రేషన్ అన్నీ పడవ మీద ఆధారం. గర్భిణిని అర్ధరాత్రి దాటించాలంటే పోటు ఎప్పుడో చూసుకోవాల్సిన ఊళ్లు.

అలాంటి దిబ్బ మీద నీళ్లెలా దొరుకుతాయో ఒకసారి చూడాలి. ఇసుక మిట్ట పక్కన చేత్తో చెలమ తవ్వుతారు. మోకాలి లోతు కూడా ఉండదు. అడుగున నెమ్మదిగా నీరు ఊరుతుంది. ఆడవాళ్లు కొబ్బరిచిప్పతో పైపైన తేర్చి బిందెలో పోస్తారు. లోతుగా ముంచరు, ఎందుకో అడిగితే "కింద ఉప్పు ఉంటాదండి, కదిపితే పైకొస్తాది" అన్నారు ఒకావిడ. ఆవిడ చెప్పింది అక్షరాలా సైన్సు. వాన నీరు తేలిక, సముద్రపు నీరు బరువు. ఇసుకలో ఇంకిన వాన నీరు ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. సముద్ర మట్టం కంటే ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలబడితే కింద దాదాపు 40 అడుగుల దాకా మంచినీరు ఉండగలదు. ఆ ఒక్క అడుగూ పోతే ఆ నలభై కూడా పోతుంది. కాబట్టి ఇసుక మిట్టను చదును చేసినా, దాన్ని తవ్వి అమ్మినా, మోటారు పెట్టి లోతుగా తోడినా దీవి తాగునీరు పోతుంది. లక్షద్వీప్‌లోనూ ఇదే కథ. అక్కడ మనుషులుండే పది దీవుల జీవనాధారం ఈ పలచటి మంచినీటి పొరే.

లక్షద్వీప్‌కు నది లేదు కాబట్టి ఇసుక ఎక్కడిది అనుకోవచ్చు. పగడాల నుంచి. పగడపు దిబ్బ అరిగి, విరిగి, అదే ఇసుకై దీవి అవుతుంది. నీళ్లు వేడెక్కి 1998, 2010, 2016ల్లో, మళ్లీ 2024లో అక్కడ పగడాలు తెల్లబడ్డాయి. పగడం చచ్చిపోతే కొన్నాళ్లకు ఇసుక కర్మాగారం మూతపడినట్టే. అక్కడ బంగారం దీవి దగ్గర పరళి అనే చిన్న దీవి ఇప్పటికే నీళ్లపాలైంది. మన గోదావరి దిబ్బకు డ్యాము చేసిన పనినే అక్కడ ఎండ చేస్తోంది.

అండమాన్, నికోబార్ గురించి ఒక మాట. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగు మత్స్యకారులు అక్కడ వేలల్లో ఉన్నారు, అది మనకు పరాయి చోటు కాదు. 2004లో సునామీకి కారణమైన భూకంపంలో గ్రేట్ నికోబార్ దక్షిణ కొస ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగింది, లైట్‌హౌస్ నీళ్లలో నిలబడింది. అదే దీవిలో గలాతియా అఖాతం దగ్గర, లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెట్టే చోట, ఇప్పుడు పెద్ద పోర్టు ప్రణాళిక నడుస్తోంది. దాదాపు 130 చదరపు కిలోమీటర్ల అడవి అందులో పోతుంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: నేలే నాలుగు మీటర్లు కుంగిన చోట, షోంపెన్‌లు, నికోబారీలు అనే ఆదివాసులు బతికే చోట, అంత భారీ కట్టడం పెట్టకూడదు.

మడ అడవుల గురించి ఎక్కువ చెబుతాను, అది నా పని కాబట్టి. 1977 నవంబర్ 19న దివిసీమ మీదకొచ్చిన ఉప్పెన అధికారిక లెక్కల్లోనే పది వేల మందికి పైగా పొట్టన పెట్టుకుంది. ఆ తరం వాళ్లు ఇప్పటికీ నవంబర్ వస్తే ఆకాశం చూస్తారు. 1999 ఒడిశా సూపర్ సైక్లోన్ తర్వాత కేంద్రపడ జిల్లా ఊళ్లను పోల్చి చూసిన పరిశోధనలో, సముద్రానికీ ఊరికీ మధ్య మడ ఎంత వెడల్పుంటే మరణాలు అంత తక్కువున్నాయని తేలింది. మడ అలను ఆపెయ్యదు. దాని వేగం తగ్గిస్తుంది, మనిషి మిద్దె ఎక్కేంత సమయం ఇస్తుంది. ఇంకా, పండుగప్ప, కొయ్యింగ, మండపీత, రొయ్య పిల్లలన్నీ ఆ వేళ్ల మధ్యే పెరిగి పెద్దవై బయటకొస్తాయి. మడ పోయిన ఏరులో వల వేసిన వాడికి తేడా ఆ ఏడాదే తెలుస్తుంది.

1990ల్లో రొయ్యల చెరువుల జోరుకు చాలా మడ పోయింది. 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర ప్రాంతంలో ఆ చెరువుల మీద గట్టి తీర్పే ఇచ్చింది, 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ చట్టం వచ్చింది. ఈలోగా తెల్లమచ్చ రోగంతో చాలా చెరువులు వదిలేశారు కూడా. వదిలేసినా అక్కడ మడ దానంతట అది తిరిగి రాలేదు. ఎందుకో చెబుతాను, ఎందుకంటే ఇప్పటికీ చాలామంది మంచి మనసుతో మొక్కలు తెచ్చి నాటి ఇలాగే పోగొట్టుకుంటున్నారు.

కోనసీమ అంచున ఒక వదిలేసిన చెరువు దగ్గరికి పిలిస్తే వెళ్లాం. అప్పటికే ఎవరో వరుసల్లో మొక్కలు నాటి ఉన్నారు, అన్నీ ఎండుపుల్లలు. నేల మీద ఉప్పు తెల్లగా పేరి, అడుగేస్తే పటపటమని విరుగుతోంది. చెరువు గట్లు అలాగే ఉన్నాయి. పోటు నీరు లోపలికి రావడం లేదు, వాన నీరు బయటకు పోవడం లేదు. నిలిచి ఆవిరైన నీరు ఉప్పు వదిలేసి పోతోంది. అక్కడ ఇంకో వెయ్యి మొక్కలు నాటినా అంతే. మేం మొక్క ముట్టుకోలేదు. ఊళ్లో పెద్ద వలల మీద పనిచేసిన ఒక తాతను వెంటపెట్టుకుని, చెరువు తవ్వకముందు ఏరు ఎటునుంచి వచ్చేదో చూపించమన్నాం. ఆయన చూపించిన రెండు చోట్ల గట్టు తెగ్గొట్టి, మధ్యలో ఒక కాలువ, దానికి అటూ ఇటూ ఏటవాలుగా పిల్లకాలువలు తవ్వించాం. పై నుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, ఊళ్ల వన సంరక్షణ సమితులు కలిసి మన డెల్టాల్లో వాడి చూపించిన పద్ధతే ఇది. రోజుకు రెండుసార్లు పోటు వచ్చి పోతుంటే ఉప్పు కడిగినట్టు దిగిపోయింది. ముందు ఉప్పునేలలో పెరిగే ఇలకూర పచ్చగా పరుచుకుంది. ఆ తర్వాత తెల్ల మడ గింజలు నీళ్లతో కొట్టుకొచ్చి వాటంతట అవే పాతుకున్నాయి. మేం నాటినవి కాలువ గట్ల వెంట ఖాళీల్లో మాత్రమే.

మడకు కావాల్సింది మొక్క కంటే ముందు నీటి దారి. ఇది గుర్తుపెట్టుకుంటే సగం డబ్బు మిగులుతుంది. ఇంకో రెండు జాగ్రత్తలు. నేరుగా అలలు కొట్టే ఇసుక బీచ్ మీద మడ నాటించే కార్యక్రమాలకు వెళ్లకండి, అక్కడ అది బతకదు. ఉప్పాడ బీచ్‌లో మడ వేద్దామని నన్ను అడిగినవాళ్లున్నారు. అక్కడ అది కుదరదు. మడ ఉండాల్సింది అఖాతం లోపల, ఏర్ల పక్కన. అలాగే ఇసుక మిట్టలను బుల్‌డోజర్‌తో చదును చేసి సరుగుడు వేస్తుంటారు. గాలికి సరుగుడు కొంత పనికొస్తుంది, కానీ ఉప్పెనను ఆపేది ఆ మిట్టే. మిట్టను తీసి చెట్టు పెట్టడం నష్టం. మిట్ట మీద పాకే తీగలు, గడ్డి, మొగలి పొదలు ఇసుకను పట్టి ఉంచుతాయి, వాటిని పిచ్చిమొక్కలని పీకెయ్యకండి. అడవిలోకి వెళ్లే పిల్లలకు తిల్ల చెట్టును మాత్రం చూపించి పెట్టండి, దాని పాలు కంట్లో పడితే ప్రమాదం.

తరలింపు గురించి. నేను చూసిన ఒక చోట, ఊరు కోతకు గురైందని లోపల కాలనీ కట్టించారు. ఇళ్లు బాగానే ఉన్నాయి. కానీ మత్స్యకారుడు పొద్దున్న లేచి ముందు సముద్రం రంగు, గాలి చూస్తాడు, ఆ తర్వాతే వేటకు వెళ్లాలా వద్దా అని నిర్ణయం. పడవ, ఇంజను, వల కళ్లముందు ఉండాలి, లేకపోతే దొంగతనం, లేకపోతే తుపాను. ఆడవాళ్లు చేపలు ఎండబెట్టేది ఆ ఇసుక మీదే. కాలనీ నుంచి ఒడ్డుకు ఆటో చార్జీలకే రాబడి పోతోందని సగం మంది తిరిగొచ్చి ఒడ్డున పాకలు వేసుకున్నారు. ఆ పాకలు ఇంతకుముందు ఇళ్లకంటే బలహీనం. అంటే ప్రమాదం పెరిగింది. అలాగని తరలింపే వద్దని నేనను. నిద్రపోయే ఇల్లు వెనక్కి, పని చేసే ఒడ్డు ముందుకు అనే పద్ధతిలో చెయ్యాలి. నడిచి వెళ్లేంత దూరంలో ఎత్తైన చోట ఇళ్లు, ఒడ్డున వలల షెడ్డు, ఐసు పెట్టుకునే గది, చేపలు ఎండబెట్టే అరుగులు, తుపాను వస్తే వదిలేసినా బాధలేని కట్టడాలు. ఒడ్డు మీద మత్స్యకారుల హక్కు కాగితం మీద రాసి ఇవ్వాలి. వాళ్లు లేచిపోయాక అక్కడ రిసార్టు వస్తే, ఆ తర్వాత ఏ ఊరూ తరలింపుకు ఒప్పుకోదు.

ఇక మీ మావయ్య ఇల్లు. నా సలహా, ఇప్పుడున్న స్థలంలో శ్లాబు వెయ్యొద్దు. గోడ వస్తుందన్న వార్త నమ్మి అప్పు చేసి కట్టొద్దు. 2019 తీర నియంత్రణ నిబంధనల ప్రకారం గ్రామీణ తీరంలో జనసాంద్రతను బట్టి పోటు గీత నుంచి 50 లేదా 200 మీటర్లు కట్టడాలకు నిషిద్ధ మండలం. మత్స్యకారుల పాత ఇళ్లకు కొన్ని సడలింపులున్నాయి, వాటిని పంచాయతీలో, తహసీల్దారు ఆఫీసులో కాగితం మీద అడగమనండి. కానీ అనుమతి దొరికినంత మాత్రాన నేల నిలుస్తుందని కాదు. మ్యాపులో గీత గీసిన రోజున ఉన్న ఒడ్డు ఇవాళ లేదు.

ఈలోగా పాత ఇంటికి తక్కువ ఖర్చుతో మరమ్మతు చేయించుకుని, పట్టా, ఆధార్, వేట నిషేధ భృతి కాగితాలు, పడవ రిజిస్ట్రేషన్ ఒక నీళ్లు చొరని సంచిలో ఉంచుకోమనండి. తరలింపు జాబితా తయారయ్యే రోజున అవి లేక పేరు తప్పిపోయినవాళ్లను చాలామందిని చూశాను. హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) ఎత్తైన అలల హెచ్చరికలు ఇస్తుంది, అవి ఫోన్లో వచ్చేలా మీరే పెట్టి ఇవ్వండి. అమావాస్య, పౌర్ణమి పోటుకు తుపాను కలిసే రోజుల్లో అమ్మమ్మను ముందురోజే లోపలికి తీసుకెళ్లిపోండి.

మావయ్య చేత ఇంకో పని చేయించండి. గుమ్మం నుంచి పోటు నీరు తాకే గీత దాకా టేపుతో కొలిచి, ప్రతి పౌర్ణమికీ తేదీ వేసి రాయించండి, అదే చోట నిలబడి ఒక ఫొటో తీయించండి. పరిహారం అడగడానికైనా, కట్ట డిజైన్‌ను ప్రశ్నించడానికైనా ఆ కొలతలు పనికొస్తాయి. ఇల్లు పాత గోడకు ఏ వైపుందో, గోడ చివర నుంచి ఎంత దూరమో మీ ప్రశ్నలో రాయలేదు. అది రాస్తే ఎన్నేళ్లు నెట్టుకురావచ్చో కొంత కచ్చితంగా చెప్పగలను.